పాత విద్యుత్కారు – దానయోగ్యత

దశాబ్దము క్రిందట మన రహదారులమీద అరుదుగా కానవచ్చిన విద్యుత్కారు నేడు హైదరాబాదులోని మధ్యతరగతి గృహముల ముంగిట సైతము నిలిచియున్నది. 2020 జనవరిలో టాటా సంస్థ నెక్సాన్ ఈవీని విపణిలోనికి తెచ్చిన పిదప అమ్ముడుపోయిన తొలి బండ్లు ఇప్పటికే వాడకములో నలిగి, యజమానులు కొత్తవాటివైపు చూచుకాలము సమీపించినది. అట్టి యజమానులలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములనుండి చదువులకును ఉద్యోగములకును రాజధానికి వచ్చి స్థిరపడినవారు గలరు. పాతబండిని సెకండ్‌హ్యాండు వ్యాపారి చెప్పిన ధరకు వదలుకొనుటకంటె, పుట్టిన ఊరి వృద్ధాశ్రమమునకో, వికలాంగ బాలల పాఠశాలకో, ధర్మాసుపత్రికో ఇచ్చిన బాగుండునుగదా యను తలంపు వారికి కలుగుట సహజము, శ్లాఘ్యము. ఆ తలంపు ఏయే నియమములకు లోబడి సఫలమగునో, ఎప్పుడు పుచ్చుకొన్నవారికి భారమగునో, ఎప్పుడు బండి అమ్మి సొమ్మిచ్చుటయే మేలో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఇచ్చువాని ఔదార్యముతోనే దానము పూర్తికాదని మన పూర్వు లెరుగుదురు. కఠోపనిషత్తు ఆరంభమే ఈ విషయముమీద నిలిచినది. సర్వస్వమును దానము చేయదలచి యజ్ఞము నడపిన వాజశ్రవసుడు దక్షిణగా తోలించిన ఆవులు ఇక నీరు త్రాగజాలనివి, గడ్డి మేయజాలనివి, పాలు పిండగా వట్టిపోయినవి, ఇంద్రియశక్తి ఉడిగినవి యని గమనించి, ఇట్టి దానము చేసినవాడు చేరుకొనునది ఆనందరహిత లోకములేగదా యని బాలుడైన నచికేతుడు కలతచెందెను. సత్తువ ఉడిగిన బ్యాటరీతో ఇచ్చిన కారు ఆ గోవులవంటిదే: చూచుటకు అవయవము లన్నియు నుండును, పనికి రాదు, పైగా దానిని పోషించు బాధ్యత ప్రతిగ్రహీతపై పడును. తెలంగాణమునకు ఇంతకంటె దగ్గరి నిదర్శన మింకొకటి గలదు. 1951 ఏప్రిల్ 18వ తేదీన అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబాభావే యెదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరములు సమర్పించుటతో మొదలైన భూదానోద్యమము దేశమంతట లక్షలాది ఎకరములను సేకరించినది. ఐనను ఇచ్చిన నేలలో కొంత రాళ్ళగుట్టలై, కొంత తగాదాలలో చిక్కుకొని, కొంత కాగితములు పూర్తికాక, అనేకస్థలములందు నిరుపేద చేతికి అందకయే పోయినది. అంతటి మహోద్యమమును కుంటుపరచిన ఆ రెండు లోపములు, అనగా వస్తువు పనికిరాకపోవుట, హక్కు చేతులు మారకపోవుట, నాలుగు చక్రముల బండి విషయములోను మనలను వెన్నాడుచున్నవి.

వాహనదానము మనకు కొత్త కాదు. తిరుమల శ్రీవారికి భక్తులును, వాహన నిర్మాతలును బండ్లు సమర్పించుట చిరకాలముగా నున్న ఆచారము. 2023 మార్చిలో మేఘా–ఒలెక్ట్రా సంస్థవారు పది విద్యుద్బస్సులను దేవస్థానమున కిచ్చిరి, అవి కొండమీద యాత్రికులను ఉచితముగా తిప్పుటకు వినియుక్తములైనవి. 2020 జూలై 24వ తేదీన, తన జన్మదిన సందర్భమున, అప్పటి రాష్ట్రమంత్రి కె. తారకరామారావు ‘గిఫ్ట్ ఎ స్మైల్’ అను పేర ఆరు అంబులెన్సులను ప్రభుత్వాసుపత్రుల కిచ్చునట్లు ప్రకటింపగా, పలువురు మంత్రులును శాసనసభ్యులును ఆ దారిని నడచిరి. ఇవన్నియు కొత్తబండ్లు, ఏ పనికి ఇచ్చిరో ఆ పనికే ఇచ్చినవి. దీనికి భిన్నమైన రీతి కేరళలోని గురువాయూరున కనబడినది: 2021 డిసెంబరులో మహీంద్రా సంస్థ సమర్పించిన థార్ బండిని దేవస్థానము వేలము వేయగా 15 లక్షల 10 వేల రూపాయలు వచ్చినవి, ఆ వేలముపై అభ్యంతరములు రాగా 2022లో మరల వేలము వేసిరి, అదే బండి 43 లక్షలు పలికినది. దేవుని సొత్తన్న గౌరవము ధరను అంతటికి పెంచినది గాని, మన గ్రామీణ ధర్మసంస్థల కట్టి అదృష్టము లేదు. వేలమునకు పెట్టినచో వారికి వచ్చునది సాధారణ విపణి ధరయే, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువయే. కావున అమ్మకమే జరుగవలసియున్నచో ఆ శ్రమను దాతయే పడి, చెక్కు వ్రాసి ఇచ్చుట న్యాయము.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారు ఈ ప్రశ్నను వేరొక కోణమునుండి చూతురు. అచ్చట పాతకారును ధర్మసంస్థ కిచ్చి, దాని విలువను ఆదాయపు లెక్కలో తగ్గించుకొనుట ప్రసిద్ధాచారము. పాడైపోయిన బండికి సైతము ధరలపట్టికలోని విలువ చూపి రాయితీ పొందువారు మితిమీరుటచేత 2004లో చట్టమును సవరించి, 2005నుండి అయిదువందల డాలర్లకు మించిన విలువ చూపినప్పుడు, సంస్థ ఆ బండిని వాడక అమ్మివేసినచో, అమ్మకములో వచ్చిన సొమ్ముకంటె అధికముగా తగ్గింపు ఉండరాదని నిర్ణయించిరి. ఐతే సంస్థ ఆ బండిని తన పనికి గణనీయముగా వాడుకొన్నను, మరమ్మతుతో విలువ పెంచినను, నిరుపేదకు చౌకగా గాని ఉచితముగా గాని ఇచ్చినను పూర్తి విపణివిలువను చూపుకొనవచ్చును. ఈ మినహాయింపును పాఠకులు గుర్తుంచుకొందురుగాక. దీనియొద్దకు మరల రావలసియున్నది.

మనదేశమున అట్టిది లేదు. మన ఆదాయపు పన్ను చట్టము సొమ్ము రూపమున ఇచ్చిన దానమునకే తగ్గింపు నిచ్చును. నగదుగానైన రెండువేల రూపాయలు మించరాదు, అంతకు మించినది చెక్కుద్వారానో బ్యాంకుద్వారానో చెల్లింపవలెను. కొత్త పన్నువిధానమును ఎన్నుకొన్నవారికి ఆ తగ్గింపే లేదు. అనగా ఆరు లక్షలు చేయు కారును ఎల్లారెడ్డిలోని ఆశ్రమమునకు తాళములతో సహా అప్పగించిన దాతకు పన్నులో ఒక్క రూపాయి కలిసిరాదు. అదే కారును అమ్మి, ఆరు లక్షలను పన్నుతగ్గింపునకు అనుమతిగల సంస్థకు బ్యాంకుద్వారా పంపినచో పాతవిధానములో కొంత కలిసివచ్చును. కంపెనీల మాటయు నింతే: సామాజిక బాధ్యత పద్దుక్రింద వస్తురూపదానమునకు విలువకట్టి ఖర్చుగా చూపరాదని కేంద్ర కార్పొరేటు వ్యవహారాలశాఖ 2021లో స్పష్టముచేసినది. విదేశస్థుల దానమునకు మరియొక చిక్కు గలదు. గల్ఫు దేశములలో కష్టించు కామారెడ్డి వాసి భారత పౌరుడే కావున ఆతని కానుకను విదేశీ విరాళముగా పరిగణింపరు. కాని అమెరికా పౌరసత్వము తీసికొన్న ఆతని అన్న, హైదరాబాదులోని తన ఇంటనున్న కారును అదే సంస్థ కిచ్చినచో, వస్తువులు కూడ విదేశీ విరాళముక్రిందికే వచ్చును గనుక ఆ సంస్థకు విదేశీ విరాళముల చట్టము (ఎఫ్.సి.ఆర్.ఎ.) క్రింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతియో ఉండితీరవలెను. చిన్న పట్టణములలోని అనేక సంస్థలకు అది లేదు. అన్నదమ్ము లొకే తల్లి బిడ్డలైనను చట్టము ముందర వారి దానములు రెండు తీరులు.

ఇక వస్తువు విషయము. పెట్రోలుబండికి ఇంజను ఎట్టిదో విద్యుత్కారుకు బ్యాటరీ అట్టిది. బండి వెలలో గణనీయభాగము దానిదే. 2001లో బెంగుళూరునుండి వచ్చిన రేవా విద్యుత్కారు తొలిబండ్లలో సీసపు బ్యాటరీ లుండెడివి, వాటిని కొన్నియేండ్లకే మార్పవలసి వచ్చెడిది. ఇప్పటి లిథియం బ్యాటరీలు ఎక్కువకాలము మన్నును. తొలి నెక్సాన్ ఈవీలో 30.2 యూనిట్ల బ్యాటరీకి ఎనిమిదేండ్లు లేక లక్షా అరువదివేల కిలోమీటర్లు, ఏది ముందైన అంతవరకు హామీ యుండెను. కావున 2020లో కొన్న బండికి అది 2028తో ముగియును, 2027లో దానమిచ్చువాడు ఒక్కయేడాది హామీనే ఇచ్చుచున్నాడని గ్రహింపవలెను. ఇటీవల కొన్ని కంపెనీలు ప్రకటించిన జీవితకాలపు హామీలలో మొదటి యజమానికే పరిమితమైనవి గలవు. పేరు మారగానే గడువు తగ్గిపోవును. బ్యాటరీని అద్దెపద్ధతిపై తీసికొన్న బండ్లలో నెలనెలా చెల్లింపు మిగిలియుండును. అట్టిదానిని ధర్మసంస్థకు అంటగట్టుట ధర్మము కాదు.

ప్రకటనలలో 312 కిలోమీటర్లని చెప్పిన ఆ తొలిబండి వాస్తవమున రెండువందల దరిదాపున నడచెడిది. ఏండ్లు గడచి, మన ఎండల వేడికి నలిగి, సామర్థ్యములో నాల్గవవంతు పోయినదనుకొన్నను నూటయేబది మిగులును. ఇది పట్టణములోని మోజుగల యజమానికి చాలకపోవచ్చును. కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి పోయి వచ్చువానికి చాలును. 2016 అక్టోబరు 11న నిజామాబాదునుండి వేరుపడి ఏర్పడిన ఈ జిల్లాలో కామారెడ్డికి రైలుమార్గమును, హైదరాబాదు–నాగపూరు జాతీయరహదారియు గలవు. ఎల్లారెడ్డికి రైలు లేదు. తాడ్వాయి, లింగంపేటలమీదుగా సుమారు నలువది కిలోమీటర్ల రోడ్డే ఆ రెంటిని కలుపునది. ఒక దిశను పోచారము అభయారణ్యము, వేరొక దిశను 1931లో పూర్తియైన నిజాంసాగరము. నడుమ గాంధారి, లింగంపేట, నాగిరెడ్డిపేట మండలముల పల్లెలు, తండాలు చెదరియున్నవి. వారమునకు మూడుమార్లు డయాలసిస్‌కై పోవలసిన రోగి, నెలలు నిండిన గర్భిణి, చూపు తగ్గిన వృద్ధుడు, ఫిజియోథెరపీకి పోవు బిడ్డ, వీరందరి ప్రయాణము ముందుగనే తెలిసిన దినమున, తెలిసిన దారిని, తెలిసిన దూరము సాగును. రాకపోకలకు ఎనుబది కిలోమీటర్లు. ఖర్చగునది పండ్రెండు, పదుమూడు యూనిట్ల కరెంటు. పదునైదు ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించినచో నాలుగైదు గంటలలో ఆ కరెంటు తిరిగి నిండును, రాత్రి నిలిపిన బండి తెల్లవారకమునుపే సిద్ధమగును. డీజిలుకారైనచో అదే దూరమునకు నాలుగు లీటర్లు త్రాగును. దినదిన వ్యయమునకే తడుముకొను సంస్థకు ఈ భేదము చిన్నది కాదు. నా అభిప్రాయములో పాత విద్యుత్కారును దానమిచ్చుటకు ఉన్న బలవత్తరమైన కారణ మిదియే.

ఐతే ప్లగ్గు ఉండవలెను. సంస్థకు తన స్థలము, తన మీటరు, ఎర్తింగు సరిగానున్న లైను, వానతగలని కప్పు ఉండితీరవలెను. అద్దెయింట నడచు సంస్థకు యజమాని ఒప్పుకోలు కావలెను. పొలము మోటరుకు ప్రభుత్వ మిచ్చు ఉచితవిద్యుత్తునుండి తీగ లాగుట అక్రమము. చార్జింగు పాయింటు పెట్టించు ఖర్చును దాతయే భరించుట ఉచితము. మన పెద్దలు దక్షిణలేని దానమును అసంపూర్ణమనిరి. కారుతోపాటు ప్లగ్గు, ఏడాది ఇన్సూరెన్సు, మంచి టైర్లు ఇచ్చుట ఈ కాలపు దక్షిణ.

అంబులెన్సుగా వాడుకొందుమని అడుగు సంస్థలు గలవు. ఈ కోరికను సున్నితముగా కాదనవలెను. అంబులెన్సు నిర్మాణమునకు ఏ.ఐ.ఎస్. 125 అను ప్రమాణ మొకటి గలదు. సీట్లు తీసి స్ట్రెచరు పెట్టినంతమాత్రమున కారు అంబులెన్సు కాజాలదు. అర్ధరాత్రి ఎల్లారెడ్డినుండి నేరుగా హైదరాబాదుకు రోగిని తరలింపవలసివచ్చినపుడు సగము చార్జితోనున్న పాత బ్యాటరీని నమ్ముకొనరాదు. విద్యుదంబులెన్సులకై కేంద్రము 2024లో పి.ఎం. ఈ-డ్రైవ్ పథకములో అయిదువందల కోట్లు వేరుగా కేటాయించినది. ఆ పని అట్టి కొత్తబండ్లది.

ఇప్పుడు కాగితముల మాట. ఇది నీరసమైన విషయమని దాటవేయువారు పిదప కోర్టు మెట్లెక్కుచున్నారు గనుక కొంత విస్తరించి చెప్పవలసియున్నది. 1882నాటి ఆస్తిబదిలీ చట్టము ప్రకారము చరాస్తిని చేతికందించుటచేతనే దానము చెల్లును, పుచ్చుకొనువాడు స్వీకరించుట మాత్ర మావశ్యకము. కాని మోటారువాహనముల చట్టము దీనితో తృప్తిపడదు. దాని 50వ సెక్షను ప్రకారము ఒకే రాష్ట్రములో చేతులు మారినపుడు ఇచ్చినవాడు పదునాలుగు దినములలో, పుచ్చుకొన్నవాడు ముప్పది దినములలో రిజిస్టరింగు అధికారికి తెలుపవలెను. 29, 30 నెంబర్ల ఫారములు అందుకే. ఒక వ్యక్తి 2007లో అమ్మిన కారు చేతులు మారుచు పోయి 2009లో ప్రమాదము చేయగా, ఒక బాలుడు మరణించెను. రిజిస్టరులో పేరు మాత్రము మొదటి యజమానిదే నిలిచియుండుటచేత నష్టపరిహారము బాధ్యత ఆతనిదేయని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. కారు ఇచ్చి, సభలో శాలువా కప్పించుకొని, ఆర్.సి. మార్పించుట మరచిన దాత ఈ తీర్పును తలచుకొనవలెను. దాతకు కీడు జరుగుట ఒక యెత్తు; ప్రమాదములో చేయి విరిగిన కూలివాడు ఎవరినడుగవలెనో తెలియక ఏండ్లతరబడి తిరుగుట మరియొక యెత్తు.

బ్యాంకుఋణ మింకను తీరకున్నచో బండిపై మొదటి హక్కు బ్యాంకుది. ఋణము తీర్చి, 35వ ఫారముతో ఆ పద్దును కొట్టివేయించిన పిదపనే దానము మాట. ఇతరులకు కలుగు నష్టమునకు సంబంధించిన ఇన్సూరెన్సు చట్టరీత్యా కొత్త యజమానికి సంక్రమించును గాని, సొంతబండి నష్టమునకు సంబంధించినది కంపెనీ ఒప్పుకొని పేరు మార్చనిదే సంక్రమింపదు. ఆర్.సి. ఎవరి పేర నుండవలెనను ప్రశ్నకు నా సమాధానము దృఢముగా నొక్కటే: సంస్థ పేరనే ఉండవలెను, కార్యదర్శి పేర గాని, అధ్యక్షుని కుమారుని పేర గాని ఉండరాదు. రిజిస్టరైన సొసైటీయో ట్రస్టో కాని మిత్రబృందమునకు ఈ అవకాశము లేదు కావున వారికి కారుకంటె సొమ్ము సాయమే తగును. సంస్థ ప్రయాణికులయొద్ద కిరాయి పుచ్చుకొన దలచినచో అది సొంతబండిగా చెల్లదు. విద్యుత్కారు ఆకుపచ్చ నంబరుపలకమీది తెల్లని అక్షరములు పసుపుపచ్చగా మారవలెను, ఫిట్‌నెస్ పరీక్షయు తప్పదు.

2025 ఆగస్టు 27, 28 తేదీల వరద తరువాత కామారెడ్డివారికి వేరొక జాగ్రత్తయు చెప్పవలసివచ్చినది. రాజంపేట మండలము అర్గొండలో నలువది సెంటీమీటర్లకు మించిన వర్షము కురిసి, పట్టణములోని కాలనీలు మునిగి, బిక్నూరు–తలమడ్ల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయిన ఆ దినములలో కార్లును నీటిపాలైనవి. నీట మునిగిన విద్యుత్కారు ఆరిన తరువాత నడచినను, బ్యాటరీ పెట్టెలోనికి తేమ చేరియున్నచో నెలల తరువాత సైతము షార్టై మంట పుట్టవచ్చును. అట్టి చరిత్రగల బండిని కంపెనీ సర్వీసుసెంటరులో పరీక్షింపించి లిఖితపూర్వకమైన నివేదిక తీసికొననిదే ఇవ్వరాదు. అడుగకున్నను ఆ చరిత్రను దాత చెప్పవలెను. వరదసంగతి ఎట్లున్నను, బ్యాటరీ ఆరోగ్యము నూటికి ఎంత మిగిలెనో తెలుపు నివేదిక ప్రతి దానపత్రముతోడను జతపడుట మేలు. అది దొరకనిచో పూర్తిగా చార్జిచేసి, స్వీకర్తను పక్కన కూర్చుండబెట్టుకొని, కామారెడ్డి–ఎల్లారెడ్డి దారిని ఎ.సి. వేసి పోయివచ్చిన నిజము బయటపడును.

కడపటి దశను గూర్చి ఎవరును ఆలోచింపరు. దానమందిన బండి మరి అయిదారేండ్లకు నడవక నిలిచిపోవును. అప్పుడు సంస్థ ఆవరణలో తుప్పుపట్టుచు పడియుండు బ్యాటరీ ప్రమాదకరము. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నియమములు పాతబ్యాటరీని తిరిగి సేకరించి శుద్ధిచేయించు భారమును ఉత్పత్తిదారునిపై పెట్టినవి. వాడినవాడు దానిని ఇతర చెత్తతో కలుపక, అనుమతిగల సేకరణదారునకే అప్పగింపవలెను. తక్కిన బండిని తుక్కు చేయుటకు 2025 ఏప్రిల్ 1నుండి వేరొక నియమావళి అమలులోనికి వచ్చినది. పాతసామాను కొనువాని తక్కెడకు లిథియం బ్యాటరీ నెక్కింపరాదని సంస్థవారికి దానదినముననే చెప్పియుంచవలెను. కారు నడుపుటకు చాలని బ్యాటరీ వేరొక పనికి చాలవచ్చును: ఆమ్‌స్టర్డామ్‌లోని యోహాన్ క్రైఫ్ క్రీడాంగణమున 2018లో 148 నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలకు సమానమైన నిల్వవ్యవస్థను, కొంత కొత్తవాటితోను కొంత వాడినవాటితోను, నెలకొల్పిరి. అది నిపుణుల పని, ఊరి ఎలక్ట్రీషియను చేయదగినది కాదు.

ఇన్ని కోణములనుండి చూచినమీదట నాకు తోచునది ఇది. దినచర్యగా నిర్ణీతమార్గమున తిరుగవలసిన పనిగలిగి, ఆ దూరము బండి వాస్తవసామర్థ్యములో ఇంచుమించు సగమై, తన మీటరు, తన పేర ఆర్.సి., నమ్మకమైన డ్రైవరు గల సంస్థ ఎల్లారెడ్డి చుట్టుప్రక్కల నున్నచో, పన్నులో ఏమియు కలిసిరాకున్నను కారునే ఇచ్చుట మేలు; ఏలయన ఆ సంస్థ ఆరు లక్షల సొమ్ము చేతికి వచ్చినను అంతటి బండిని కొనుటకు సాహసింపదు, సొమ్ము జీతములకును కిరాణాకును కరగిపోవును, రోగి ఆటోకై బస్‌స్టాండులో నిలుచుట తప్పదు. ఈ లక్షణములలో ఏ యొకటి లేకున్నను అమ్మి సొమ్మిచ్చుట మేలు. హామీ గడువు ముగిసి, బ్యాటరీ నివేదికయు లేని బండిని ఇచ్చుటకంటె ఊరకుండుట మేలు. వద్దనుటకు స్వీకర్తకు సంపూర్ణాధికారము గలదు. దాతపట్ల మొగమాటముచే ఆశ్రమనిర్వాహకుడు తలయూపినచో అది స్వీకారము కాదు.

ప్రభుత్వము చేయదగిన దొకటి మిగిలియున్నది. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు 18నుండి 2026 డిసెంబరు 31వరకు విద్యుద్వాహనములకు రోడ్డుపన్ను, రిజిస్ట్రేషను ఫీజులను పూర్తిగా మాఫీచేసినది. కొనువానిపై చూపిన ఆదరములో కొంత, వాడినదానిని ధర్మమున కిచ్చువానిపై కేంద్రము చూపవలెను. అమెరికా చట్టములోని మినహాయింపును మన పన్నుచట్టమున చేర్చి, దానమిచ్చిన విద్యుద్వాహనమును నమోదైన సంస్థ తన పేర మూడేండ్లు ఉంచుకొని సేవకే వాడినచో, ఇన్సూరెన్సు కంపెనీ కట్టిన విలువలో సగమునైన దాతకు తగ్గింపుగా నిచ్చినచో, దొంగలెక్కలకు తావుండదు: ఆర్.సి.లో పేరు మారిన తేదీ, బ్యాటరీ నివేదికలోని అంకె, కిలోమీటర్ల మీటరుమీది లెక్క మూడును అధికారి కామారెడ్డిలోని తన బల్లయొద్దనే కూర్చుండి సరిచూడగలడు.